అమెరికాలో సిగరెట్, వేప్ ఆన్‌లైన్ అమ్మకం: పాక్ట్ చట్టం కింద అమ్మేవాళ్లు, కొనేవాళ్లు చేయాల్సినవి

న్యూయార్క్ రాష్ట్రంలో ఒక సిగరెట్ ప్యాకెట్ మీద రాష్ట్ర పన్నే 5.35 డాలర్లు. న్యూయార్క్ సిటీలో అయితే ఇంకో 1.50 కలుస్తుంది. అదే ప్యాకెట్‌కి మిస్సోరీ రాష్ట్రం తీసుకునేది 17 సెంట్లు. అంటే మిస్సోరీలో పన్ను కట్టిన పది ప్యాకెట్ల కార్టన్ ఒకటి న్యూయార్క్ సిటీలోని ఇంటికి పార్సిల్‌లో చేరితే అక్కడి ఖజానాకు 68 డాలర్లకు పైగా గండి పడుతుంది. ఆన్‌లైన్ పొగాకు అమ్మకాలకు ఇన్ని ఆంక్షలు రావడానికి ఒక కారణం ఇది. రెండోది, స్క్రీన్ అవతల ఆర్డర్ పెడుతున్నది పదహారేళ్ల కుర్రాడో కాదో తెలియకపోవడం.

ఇలా పంపేవాళ్లు కొనుగోలుదారుల వివరాలను రాష్ట్రాలకు ఇవ్వాలని 1949 నాటి జెంకిన్స్ చట్టమే చెప్పింది. శిక్ష నామమాత్రం కావడంతో ఇంటర్నెట్ దుకాణాలు దాన్ని లెక్కచేయలేదు. 2010 మార్చి 31న సంతకమై, అదే ఏడాది జూన్ 29 నుంచి అమల్లోకి వచ్చిన పాక్ట్ చట్టం (ప్రివెంట్ ఆల్ సిగరెట్ ట్రాఫికింగ్ యాక్ట్) దానికి కోరలు పెట్టింది. 2020 డిసెంబర్‌లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ఇందులోకి వేప్ ఉత్పత్తులను, అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్లు, వాటి సామగ్రిని కూడా చేర్చింది. ఆ సవరణ 2021 మార్చి 27 నుంచి అమలవుతోంది.

ఈ చట్టమంతా ఒక్క సూత్రం మీద నిలబడింది. మీ గోడౌన్ ఎక్కడుంటే ఏం, సరుకు కస్టమర్ ఇంటి దగ్గరే అమ్ముడైనట్టు లెక్క. ఆ రాష్ట్రం పన్ను, ఆ రాష్ట్రం లైసెన్సు, ఆ ఊరి నిషేధాలు అన్నీ మీకు వర్తిస్తాయి. టెక్సాస్‌లో కూర్చుని ముప్ఫై రాష్ట్రాలకు అమ్మితే ముప్ఫై రాష్ట్రాల్లో షాపు పెట్టినట్టే అనుకోండి.

మీ సరుకు దీని కిందికి వస్తుందా

సిగరెట్లు, చేత్తో చుట్టుకునే పొగాకు, కాల్చకుండా నోట్లోనో ముక్కులోనో పెట్టుకునే పొగాకు దీని కిందికి వస్తాయి. నశ్యం, నమిలే పొగాకుతో పాటు ఖైనీ, జర్దా కూడా ఈ చివరి కోవలోవే. ఇండియన్ గ్రోసరీ షాపుల వాళ్లు ఈ సంగతి మరిచిపోతుంటారు.

ఎక్కువమంది బోల్తాపడేది వేప్ దగ్గర. ద్రావణాన్ని ఆవిరిగా మార్చి నికొటిన్, ఫ్లేవర్ లేదా 'మరే ఇతర పదార్థాన్నైనా' పీల్చేవారికి అందించే ఎలక్ట్రానిక్ పరికరం ఏదైనా చట్టం కిందికే వస్తుంది. దాని లిక్విడ్, విడిభాగాలు, యాక్సెసరీలు విడిగా అమ్మినా అంతే. కాబట్టి 'మా జ్యూస్‌లో నికొటిన్ సున్నా', 'మేం అమ్మేది ఖాళీ ట్యాంకులే', 'ఇవి సీబీడీ (గంజాయి జాతి మొక్క నుంచి తీసే పదార్థం) కాట్రిడ్జ్‌లు' అన్న వాదనలు నిలవవు. ఒక కాయిల్ (ద్రావణాన్ని వేడిచేసే తీగ చుట్ట) ప్యాకెట్‌ను కూడా ఇంటికి పంపే ముందు సిగరెట్ కార్టన్‌కి చేసే పనులన్నీ చేయాల్సిందే.

చుట్టలు, పైపు పొగాకు మాత్రం పాక్ట్ చట్టంలో లేవు. అలాగని పైపు పొగాకు అని లేబుల్ వేసి, చుట్టుకునే పొగాకు అమ్మొద్దు. చుట్టుకునే పొగాకు మీద ఫెడరల్ ఎక్సైజ్ పన్ను పౌండుకు 24.78 డాలర్లు, పైపు పొగాకు మీద 2.83 మాత్రమే. అంత తేడా ఉన్నచోట అధికారుల కన్ను ఎప్పుడూ ఉంటుంది. ఎఫ్‌డీఏ (ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) మందుగా ఆమోదించిన నికొటిన్ గమ్, ప్యాచ్‌ల వంటివి వేరే లెక్క, వాటికి ఈ బాధ లేదు.

ఇంకో సంగతి. కస్టమర్ ఎదుట లేకుండా ఆర్డర్ తీసుకున్నా, సరుకు చేతికందే వేళ మీరు అతని ఎదుట లేకపోయినా అది 'డెలివరీ సేల్' అవుతుంది. ఆ నిర్వచనంలో రాష్ట్ర సరిహద్దు మాటే లేదు. పక్క వీధికి ఫోన్ ఆర్డర్ మీద పంపినా వయసు, ప్యాకింగ్ నిబంధనలు మీ వెంట వస్తాయి.

ముందు కొరియర్, తర్వాతే వెబ్‌సైట్

కొత్తగా దిగేవాళ్లు వెబ్‌సైట్ కట్టి, స్టాక్ దించి, ఆఖర్లో పార్సిల్ ఎవరు తీసుకెళ్తారో వెతుకుతారు. ఈ వ్యాపారంలో దాన్ని తిరగేయాలి.

పోస్టల్ సర్వీస్ సిగరెట్లను, కాల్చని పొగాకును 2010 నుంచే తీసుకోవడం లేదు. 2021 అక్టోబర్ 21న వచ్చిన తుది నిబంధనతో వేప్ కూడా ఆ జాబితాలో చేరింది. ఫెడెక్స్ 2021 మార్చి 1 నుంచి, యూపీఎస్ ఏప్రిల్ 5 నుంచి వేప్ పార్సిళ్లు ఆపేశాయి. సిగరెట్లను ఇళ్లకు చేర్చబోమని ఈ రెండూ, డీహెచ్‌ఎల్ కూడా 2005-06 నాటికే న్యూయార్క్ అటార్నీ జనరల్‌కు రాసిచ్చాయి. ఆ మాట తప్పిందని యూపీఎస్ మీద న్యూయార్క్ రాష్ట్రం, సిటీ కలిసి వేసిన కేసులో 2017లో కోర్టు సుమారు 24.7 కోట్ల డాలర్లు కట్టమంది. అప్పీలు కోర్టు 2019లో తగ్గించినా, 9.7 కోట్లకు పైగా మిగిలింది. ఈ తీర్పు చూశాక పెద్ద కొరియర్లు మీ పార్సిల్‌ను ఎందుకు ముట్టుకోవో వేరే చెప్పక్కర్లేదు.

ఇక మిగిలేవి ప్రాంతీయ కొరియర్లు, ఇందుకోసమే పుట్టిన ప్రైవేటు డెలివరీ నెట్‌వర్క్‌లు. వాళ్లతో మాట్లాడేటప్పుడు మూడు విషయాలు రాతపూర్వకంగా తేల్చుకోండి: ఏ జిప్ కోడ్‌లకు (మన పిన్ కోడ్ లాంటివి) వెళ్తారు, తలుపు దగ్గర ఐడీ చూసి సంతకం తీసుకున్నట్టు ఆధారం ఏ రూపంలో ఇస్తారు, ఎవరూ లేక తిరిగొచ్చిన పార్సిల్ ఖర్చు ఎవరిది. మూడోది చిన్నదిగా కనిపిస్తుంది గానీ లాభం మొత్తం తినేసేది అదే. ఇరవై డాలర్ల లిక్విడ్ సీసా రెండుసార్లు ఇంటిదాకా వెళ్లి వెనక్కి వస్తే ఆ ఆర్డర్ మీద చేతి నుంచే పోతుంది.

ఈ జిప్ కోడ్ జాబితానే వెబ్‌సైట్‌కి పునాది. కస్టమర్ జిప్ కొట్టగానే వెళ్తుందో లేదో తేలాలి. డబ్బు తీసుకున్నాక 'సారీ' చెప్పే పరిస్థితి రాకూడదు.

రాష్ట్రాన్ని బట్టి

ఒక్కో రాష్ట్రానికీ ఒక్కో ఫైలు తెరవండి. అందులో మొదటి ప్రశ్న: అసలు ఇంటికి పంపనిస్తారా? న్యూయార్క్ సిగరెట్లనూ వేప్‌నూ నేరుగా కస్టమర్‌కి పంపనివ్వదు. వెర్మాంట్ 2019లోనే ఆన్‌లైన్ వేప్ అమ్మకాన్ని మూసేసింది. కాలిఫోర్నియాలో ఫ్లేవర్ ఉన్న పొగాకు ఉత్పత్తుల రిటైల్ అమ్మకం మీద 2022 డిసెంబర్ నుంచి నిషేధం ఉంది. లూసియానా, అలబామా లాంటివి అమ్మదగ్గ వేప్ ఉత్పత్తుల జాబితా పెట్టాయి, అందులో లేనిది అమ్మకూడదు. కౌంటీ, సిటీ స్థాయి నిషేధాలు వేరు. ఇవి మారుతూనే ఉంటాయి కనుక ఫైలు మీద చివరిసారి చూసిన తేదీ రాసుకోండి.

రెండోది లైసెన్సు, మూడోది పన్ను. సిగరెట్ల మీద పన్ను ప్యాకెట్ లెక్కన ఉంటుంది, చాలా రాష్ట్రాల్లో స్టాంపు కూడా అతికించి ఉండాలి. వేప్ మీద అయితే ఒక్కోచోట ఒక్కో పద్ధతి. లూసియానా మిల్లీలీటరుకు 15 సెంట్లు వేస్తుంది, 60 మిల్లీలీటర్ల సీసాకు 9 డాలర్లు. పెన్సిల్వేనియా హోల్‌సేల్ ధర మీద 40 శాతం తీసుకుంటుంది. కాలిఫోర్నియా చిల్లర ధర మీద 12.5 శాతం వేస్తుంది, ఇది మామూలు సేల్స్ ట్యాక్స్‌కు అదనం. సాధారణ షాపింగ్ కార్ట్‌లో ఉండే సేల్స్ ట్యాక్స్ లెక్క ఈ మూడింటిలో ఏదీ చేయలేదు. ప్రతి ఉత్పత్తికీ మిల్లీలీటర్లు, హోల్‌సేల్ ఖరీదు, నికొటిన్ ఉందో లేదో విడి విడి గడుల్లో నమోదు చేసి ఎక్సైజ్‌ను వేరుగా లెక్కగట్టే ఏర్పాటు కావాలి. చట్టం ప్రకారం ఈ పన్ను అమ్మకానికి ముందే కట్టి ఉండాలి. కస్టమరే తర్వాత కట్టుకుంటాడులే అంటే కుదరదు.

వీటన్నిటికీ పైన ఎఫ్‌డీఏ ఉంది. రిజిస్ట్రేషన్లు సక్రమంగా ఉండి, పన్ను కట్టినా, ఎఫ్‌డీఏ అనుమతి లేని వేప్ చట్టబద్ధం అయిపోదు. ల్యాబ్‌లో చేసిన నికొటిన్‌కు ఇది వర్తించదన్న వాదన కూడా 2022 ఏప్రిల్ 14 నుంచి చెల్లదు.

రిజిస్ట్రేషన్

ఏటీఎఫ్ (మద్యం, పొగాకు, ఆయుధాలు, పేలుడు పదార్థాల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ) ఫారం 5070.1 నింపి ఆ సంస్థకు పంపాలి. అవే వివరాలు మీరు సరుకు పంపే ప్రతి రాష్ట్రంలోని పొగాకు పన్ను అధికారికీ ఇవ్వాలి. పేరు, వ్యాపార నామం, ప్రధాన చిరునామా, మిగతా శాఖల చిరునామాలు, అన్నిటి ఫోన్ నంబర్లు, ఈమెయిల్, వెబ్‌సైట్లు, ఆ రాష్ట్రంలో మీ తరఫున కోర్టు నోటీసులు అందుకునే ఏజెంటు పేరు, చిరునామా, ఫోను. రెండు డొమైన్లు నడుపుతూ ఒకటే రాయడం, ఏజెంటుకు ఫీజు కట్టక అతను తప్పుకోవడం తరచూ జరిగే తప్పులు. ఏజెంటు లేకపోతే నోటీసు వచ్చిన సంగతి కూడా మీకు తెలియదు.

రాష్ట్రాలు దాటి హోల్‌సేల్‌గా షాపులకు పంపేవాళ్లకూ ఈ రిజిస్ట్రేషన్, నెలవారీ రిపోర్టు తప్పవు. వయసు పరిశీలన, సంతకం వంటి డెలివరీ నిబంధనలు మాత్రం వినియోగదారుడికి అమ్మినప్పుడే. మీది గ్యాస్ స్టేషనో స్మోక్ షాపో అయి, బయటి రాష్ట్రం హోల్‌సేలర్ దగ్గర కొంటుంటే, మీ షాపు పేరు, కొన్న బ్రాండ్లు, ఎంత కొన్నారన్నది మీ రాష్ట్రానికి చేరుతున్నాయని గుర్తుంచుకోండి. మీ పన్ను రిటర్ను దానితో సరిపోలకపోతే ఆడిట్ అక్కడే మొదలవుతుంది.

వయసు: టిక్కు పెడితే సరిపోదు

2019 డిసెంబర్ 20 నుంచి దేశమంతటా కనీస వయసు 21. 'నాకు 21 దాటాయి' అనే బటన్ ఈ చట్టం దృష్టిలో లేనట్టే. ఆర్డర్ ఖరారు చేసేలోపు కస్టమర్ పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా తీసుకుని, వాటిని బయటి డేటాబేస్‌తో సరిచూడాలి. ఆ డేటాబేస్‌లో ప్రధానంగా ప్రభుత్వ రికార్డుల సమాచారమే ఉండాలి, అది మీ చేతిలో ఉన్నదై ఉండకూడదు. వయసు పరిశీలన సేవలు అమ్మే కంపెనీల దగ్గర దీన్ని చెకౌట్‌కు కలుపుకోవచ్చు.

ఇక్కడ తెలుగువాళ్ల పేర్లు తెచ్చే తంటా ప్రత్యేకమైనది. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత రాసుకునే అలవాటు మనది. డ్రైవింగ్ లైసెన్సులో ఒకలా, బ్యాంకు కార్డు మీద పొడి అక్షరాలతో ఇంకోలా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా కాగితాల్లో మొదటి పేరు స్థానంలో 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. డేటాబేస్ ఇలాంటివాటిని కొట్టేస్తుంది. ఈ మధ్యే దేశానికి వచ్చినవాళ్లకు, నెల కిందట ఇల్లు మారినవాళ్లకూ అదే గతి. అమ్మేవాళ్లు చేయాల్సింది ఒకటే: 'లైసెన్సులో ఉన్నట్టే రాయండి' అని పేరు గడి పక్కనే పెట్టడం. మొదటి పరిశీలన తప్పితే సేవ ఇచ్చే కంపెనీ ద్వారానే ఐడీ ఫొటోతో రెండో విడత అడగొచ్చు. కానీ ఐడీ ఫొటోను మీరే కంటితో చూసి సరేనని పంపేయడం డేటాబేస్ పరిశీలనకు బదులు కాదు.

ప్యాకింగ్, డెలివరీ

డెలివరీ చిరునామా ఉన్న వైపునే, పెట్టె బయట, ఒక హెచ్చరిక ఉండాలి. లోపల ఉన్నది సిగరెట్లు, నికొటిన్ లేదా కాల్చని పొగాకు అనీ, వర్తించే ఎక్సైజ్ పన్నులన్నీ కట్టాలని, లైసెన్సు, స్టాంపు నిబంధనలు పాటించాలని ఫెడరల్ చట్టం కోరుతుందనీ దాని సారాంశం. సొంత మాటల్లో రాయొద్దు, చట్టంలోని వాక్యాన్ని అక్షరం పొల్లు పోకుండా అచ్చు వేయించండి. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు రవాణా పత్రం) ఉంటే దాని మీదా అదే ఉండాలి. 'నికొటిన్' మాట తర్వాత చేరింది. 2021కి ముందు కొట్టించిన స్టిక్కర్ల కట్ట ఇంకా మిగిలి ఉంటే పారేయండి. ఈ హెచ్చరిక లేని పెట్టెలో పొగాకు ఉందని తెలిస్తే కొరియర్ దాన్ని చేర్చకూడదు.

ఒక అమ్మకం లేదా డెలివరీలో సరుకు బరువు 10 పౌండ్లు, అంటే 4.5 కిలోలు దాటకూడదు. సిగరెట్లతో ఇది అరుదు. గాజు సీసాల్లో లిక్విడ్, రెండు మూడు పరికరాలు కలిసిన పెద్ద ఆర్డర్లలో దాటేస్తుంది. కార్ట్‌లో బరువు పరిమితి పెట్టండి. ఒకే ఆర్డర్‌ను రెండు పెట్టెలుగా విడగొట్టినా అమ్మకం ఒకటే కనుక అది ఉల్లంఘనే. లిథియం బ్యాటరీ ఉన్న పరికరాలకు బ్యాటరీల రవాణా నిబంధనలు అదనం.

తలుపు దగ్గర కొన్నవారు గానీ, ఆ ఇంట్లో వయసు నిండిన మరో వ్యక్తి గానీ చెల్లుబాటులో ఉన్న ప్రభుత్వ ఫొటో ఐడీ చూపించి సంతకం చేయాలి. గుమ్మం ముందు పెట్టేసి ఫొటో తీయడం, లాకర్‌లో వేయడం, అపార్ట్‌మెంట్ ఆఫీసులో వదిలేయడం కుదరదు.

కార్డు చెల్లింపుల ప్రాసెసర్‌కు మీరు అమ్మేదేమిటో దాచకండి. పొగాకు దుకాణాలకు వ్యాపారి కోడ్ 5993. గిఫ్టు షాపు అని నమోదై వేప్ అమ్మితే ఖాతా మూసేసి, అందులో డబ్బు నెలల తరబడి ఆపేస్తారు.

పదో తారీఖు

ప్రతి నెలా పదో తారీఖులోపు, అంతకుముందు నెలలో ఆ రాష్ట్రానికి వెళ్లిన ప్రతి పార్సిల్ వివరం ఆ రాష్ట్ర పన్ను అధికారికి చేరాలి: ఎవరికి పంపారో వారి పేరు, చిరునామా, బ్రాండు, పరిమాణం, చేర్చిన కొరియర్ పేరు, చిరునామా, ఫోను. సొంతంగా పొగాకు పన్ను వేసే సిటీ, కౌంటీ, ట్రైబ్ (స్థానిక అమెరికన్ తెగ ప్రభుత్వం) ఉంటే అక్కడి ప్రధాన పోలీసు అధికారికీ కాపీ వెళ్లాలి. ఫార్మాట్ ఒక్కో రాష్ట్రానిది ఒక్కోలా ఉంటుంది. అమ్మకం లేని నెలకూ సున్నా రిపోర్టు అడిగే రాష్ట్రాలున్నాయి.

నెలాఖరున కూర్చుని ఇన్‌వాయిస్‌లు తవ్వడం మొదలుపెడితే పదో తారీఖుకి తెమలదు. ఆర్డర్ బయటికి వెళ్లిన రోజే ఈ గడులన్నీ నిండేలా చూడండి. పది డాలర్ల కాయిల్ ప్యాకెట్ కూడా రిపోర్టులో ఒక వరుసే. రికార్డులను రాష్ట్రం, అందులో ఊరు, అందులో జిప్ కోడ్ వరసన అమర్చి, అమ్మకం తర్వాత మొదలయ్యే నాలుగు పూర్తి క్యాలెండర్ సంవత్సరాలు ముగిసేదాకా దాచాలి. 2025 మార్చిలో అమ్మిన దాని రికార్డు 2029 డిసెంబర్ 31 వరకు ఉండాలన్నమాట.

తప్పితే ఏమవుతుంది

తెలిసి ఉల్లంఘిస్తే మూడేళ్ల వరకు జైలు. సివిల్ జరిమానా మొదటిసారి 5,000 డాలర్లు, తర్వాత 10,000, లేదా గత ఏడాది ఈ ఉత్పత్తుల మొత్తం అమ్మకాల్లో 2 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అది. వ్యాపారాన్ని అంతకంటే వేగంగా ఆపేది రిజిస్టర్ కాని, నిబంధనలు పాటించని అమ్మకందారుల జాబితా. అందులో పేరు పడితే కొరియర్లు మీ పార్సిళ్లు తీసుకోకూడదు. జాబితాలో చేర్చే ముందు 14 రోజుల నోటీసు ఇస్తారు. ఏజెంటును నిలబెట్టుకోమని పైన చెప్పింది ఇందుకే.

కొనేవాళ్లకు

లైసెన్సులో ఉన్న పేరు, ఉన్న చిరునామా ఇవ్వండి. ఇల్లు మారితే ముందు లైసెన్సు మార్పించుకుని తర్వాత ఆర్డర్ పెట్టడం మేలు. డెలివరీ రోజున 21 నిండినవారు ఒకరు ఐడీతో ఇంట్లో ఉండాలి. పీఓ బాక్సు ఇస్తే ప్రైవేటు కొరియర్ దాన్ని చేర్చదు. చెకౌట్‌లో ఎక్సైజ్ పన్ను, పెద్దవారి సంతకం రుసుము చూసి సైటు మోసం చేస్తోందనుకోకండి. అవి కనిపించని సైటునే అనుమానించాలి. ఐడీ అక్కర్లేదని, పన్ను లేదని ఊరించడం, మామూలు పోస్టు ట్రాకింగ్ నంబర్ ఇవ్వడం, పెట్టె మీద 'ఎలక్ట్రానిక్ విడిభాగాలు' అని రాయడం చూస్తే ఆ సరుకు దారిలో పట్టుబడే రకం. పట్టుబడితే మీ డబ్బు తిరిగి రాబట్టుకోవడం కష్టం.

మీరు కొన్నది, ఎంత కొన్నది మీ పేరు, చిరునామాతో సహా రాష్ట్ర పన్ను శాఖకు వెళ్తుందని తెలిసే ఆర్డర్ పెట్టండి. పన్ను లేకుండా కొన్నవాళ్లకు ఇలాంటి రిపోర్టుల ఆధారంగా రాష్ట్రాలు పాత కార్టన్లన్నిటికీ కలిపి బిల్లులు పంపాయి. అప్పుడు చవగ్గా వచ్చిన దాని కంటే బిల్లే బరువవుతుంది.

పోస్టులో సొంతవాళ్లకు పంపాలంటే

వ్యాపారం కాకుండా వ్యక్తిగతంగా పంపడానికి పోస్టల్ సర్వీస్ ఒక చిన్న సందు వదిలింది. దేశం లోపల, పార్సిల్ బరువు 10 ఔన్సులు (సుమారు 283 గ్రాములు) దాటకుండా, ఏ 30 రోజుల్లోనైనా పది పార్సిళ్లకు మించకుండా పంపొచ్చు. పంపేవారికి, అందుకునేవారికి ఇద్దరికీ వయసు నిండాలి. పోస్టు డబ్బాలో వేయకూడదు, కౌంటర్‌లో ఐడీ చూపించి చేతికివ్వాలి, అవతల కూడా ఐడీ చూసే ఇస్తారు. పాడైన వేప్ పరికరాన్ని తయారీదారుకు తిప్పి పంపడానికీ ఇదే దారి. విదేశాల నుంచి వచ్చే టపాకు ఈ వెసులుబాటు లేదు కనుక, ఇండియా నుంచి ఖైనీ ప్యాకెట్లు పోస్టులో తెప్పించుకోవాలనుకుంటే అవి జప్తు అయ్యే అవకాశమే ఎక్కువ. తీసుకోకూడని పొగాకు సరుకును పోస్టులో పంపినవారికి సివిల్ జరిమానా ఆ సరుకు చిల్లర ధరకు, పన్నులతో కలిపి, పది రెట్లు.